నూట ఎనభై మూడు గీతలు

గోదావరిఖని,
ఫిబ్రవరి 12.

హనుమకొండలోని 'నల్లా కబురు' కార్యాలయం వారికి,

నమస్కారం. క్షేమ సమాచారాలు అడగడం లేదు. పని మీద రాస్తున్నాను.

మా కాలనీలో నల్లా రోజూ వస్తుంది. దానికి ఒక వేళ మాత్రం ఉండదు. ఒకనాడు ఉదయం ఐదున్నరకు వస్తే, ఒకనాడు పదింటికి. వచ్చే పది నిముషాల ముందు అందరి ఫోన్లకూ కబురు పంపడం మీ పని. మూడు వందల పన్నెండు ఇళ్ళకు పంపుతున్నారు. మూడు వందల పదమూడోది నాది. నాకు పంపడం లేదు.

రెండు నెలలుగా పక్కింటి ఐలవ్వ బకెట్ల చప్పుడు విని లేస్తున్నాను. ఆమెకు చెవుడు, కనుక చప్పుడు బాగానే చేస్తుంది. పోయిన వారం ఆమె గోలేటిలో ఉన్న కూతురింటికి పోయింది. నాలుగు రోజులు నాకు నీళ్ళు లేవు. ఐదో రోజు గడ్డం గీసుకోకుండా డ్యూటీకి పోయాను. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో అది మొదటిసారి.

మీ నంబరుకు ఫోను చేస్తే తొమ్మిది నొక్కమంటుంది. తొమ్మిది నొక్కితే మళ్ళీ మొదటికి తెస్తుంది. పదకొండుసార్లు నొక్కాను. అందుకని ఇది రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను. మీరు సంతకం చేసిన కార్డు నా దగ్గరికి వస్తుంది. దాచుకుంటాను.

ఇట్లు,
మొగిలి, సర్వేయరు.

తా.క.: ఈ ప్రోగ్రాము రాసిన మనిషి ఈ ఇంటి మనిషే. కనుక మా ఇల్లు మరచిపోయారంటే నేను నమ్మను.

---

హనుమకొండ,
ఫిబ్రవరి 16.

గౌరవనీయులైన మొగిలి గారికి, 'నల్లా కబురు' నుంచి సుమైరా నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది సార్. మా ఆఫీసుకు కాగితం ఉత్తరం రావడం ఇదే మొదలు. సంతకం ఎవరు పెట్టాలో తేలక పోస్ట్‌మాన్‌ను ఇరవై నిముషాలు నిలబెట్టాం. నేను జనవరిలో చేరాను. ఆరుగురిలో చిన్నదాన్ని కాబట్టి సంతకమూ నాకే పడింది, జవాబూ నాకే పడింది.

మీ ఇబ్బంది ఎక్కడుందో దొరికింది. జాబితాలో మీ క్వార్టరు నంబరు ఉంది. ఫోను నంబరు ఉండాల్సిన చోట మాత్రం ఎవరో ఒక ముక్క రాసి పెట్టారు: "ఈ ఇంటికి అవసరం లేదు. నేను చెప్త." ఈ 'నేను' ఎవరో అందులో లేదు. రాసిన మనిషి మీ ఇంట్లోనే ఉన్నారని మీరే అన్నారు కదా, వారే అయి ఉంటారు. రెండు నెలలుగా చెప్పడం లేదంటే మరచిపోతున్నారేమో. ఒకసారి గట్టిగా అడగండి సార్.

ఇంకో సంగతి. మీ ఇంట్లో మా ఆఫీసు కంప్యూటరు ఒకటి ఉండిపోయింది. తిరిగి పంపితే తుడిచేసి కొత్తగా చేరేవాళ్ళకు ఇస్తాం. పంపేముందు మూత తెరిచి, 'కొత్త ప్రతి దించు' అన్న గుర్తు నొక్కి, అదేమంటుందో రాయండి. అందులో సర్వరుకు ఎక్కించని మార్పులు ఏమైనా ఉంటే పారేయమంటారా?

మీ సేవలో,
సుమైరా.

తా.క.: ఫోనులో తొమ్మిది నొక్కితే మొదటికి వస్తుందని మాకు ఇంతవరకూ తెలియదు. మా సార్ కూడా నొక్కి చూశారు. ఇంకా నొక్కుతూనే ఉన్నారు.

---

గోదావరిఖని,
ఫిబ్రవరి 20.

సుమైరా గారికి, నమస్కారం.

ఆ 'నేను'ను గట్టిగా అడగమన్నారు. అడగలేను. ఆమె పేరు అనసూర్య. నా భార్య. ఆరేళ్ళు మీ కార్యాలయం పని ఈ ఇంటి వంటగదిలో కూర్చుని చేసింది. డిసెంబరు 6న ఆపరేషన్ తరువాత కరీంనగర్ దవాఖానలో పోయింది. మీ సార్‌కు ఆ సంగతి తెలుసు. పూలదండ పంపించారు. మీకు చెప్పలేదు కాబోలు.

మీరు చెప్పిన గుర్తు నొక్కాను. యంత్రం ఇంగ్లీషులో జవాబిచ్చింది. దాని సారాంశం ఇది: ఈ కంప్యూటరులో చేసిన మార్పులు ఇంకా ఇక్కడే ఉన్నాయి. కొత్త ప్రతి దించితే అవి చెరిగిపోతాయి. ముందు వాటిని ఖాయం చేయండి, లేదా పక్కన దాచండి. అంతవరకు ఆపేస్తున్నాను.

మీ కార్యాలయం కంటే ఆ యంత్రానికి మర్యాద ఎక్కువ. మీరు పారేయమంటారా అని అడిగారు. అది పారేయనని ఆగింది.

నేను బొగ్గుబాయిలో సర్వేయరును. లోపల కొలిచిన ప్రతి కొలత ఫీల్డ్ బుక్కులో రాస్తాం. తప్పు రాస్తే చెరపం. దాని మీద ఒకే ఒక గీత కొట్టి, పక్కన సరైనది రాసి, పొట్టి సంతకం పెడతాం. కింద ఏమి రాసి ఉందో రేపు చదివేవాడికి కనపడాలి. మా సర్వే ఆఫీసులో రబ్బరు ఉండదు. ఎందుకో చెప్తాను. తవ్వి వదిలేసి నీళ్ళు నిండిన పాత పనుల నక్షాలో ఒక్క గీత చెరిగినా, ఇరవై ఏళ్ళ తరువాత కొత్త దారి తవ్వేవాళ్ళు ఆ పాత నీళ్ళలోకి బొక్క కొడతారు. అప్పుడు మనుషులు బయటికి రారు.

అనసూర్య చివరగా చేసిన పని ఆ కంప్యూటరులో ఉంది. అదేమిటో నాకు తెలియదు. తెలుసుకోనవసరం లేదు. దాన్ని ఇంకు చేయకుండా, అంటే సిరాతో దిద్ది ఖాయం చేయకుండా, కంప్యూటరు ఈ ఇల్లు దాటదు. ఎట్లా చేయాలో రాయండి.

మొగిలి, సర్వేయరు.

తా.క.: మీ సార్ ఇంకా తొమ్మిది నొక్కుతూ ఉంటే ఆపమనండి. మరో పదిసార్లు నొక్కితే ఫోను దానంతటదే కట్ అవుతుంది. నేను చూశాను.

---

హనుమకొండ,
ఫిబ్రవరి 26.

మొగిలి కాకకు, సుమైరా సలాం.

కాకా, మీ ఉత్తరం చదివి రెండు రోజులు జవాబు రాయలేకపోయాను. నాకు ఎవరూ చెప్పలేదు. మా రికార్డులో అనసూర్య మేడమ్ పేరు పక్కన ఇంకా 'సెలవు' అనే ఉంది. క్షమించండి. మాది మందమర్రి. మా అబ్బా అక్కడ మోటార్లు బాగుచేస్తారు. మా ఇంట్లోనూ నల్లా వచ్చిందని చెప్పేది అమ్మీయే. ఆమె ఊరెళ్తే ఇంటిల్లిపాదీ దాహంతో ఉంటాం. అది గుర్తొచ్చి నేను రాసిన ముక్కకు సిగ్గేసింది.

ఇక పని. ఆ యంత్రం మీకు చూపించింది మూడు దారులు. ఒకటి పారేయడం. దాని మాట ఇక ఎత్తను. రెండోది పక్కన దాచడం, స్టాష్ అంటారు. అలమరలో పెట్టినట్టు. అలమర మీ ఇంట్లోనే ఉంటుంది, మాకు చేరదు. మూడోది కమిట్. మీ భాషలో ఇంకు చేయడం. కమిట్ చేశాక 'పుష్' నొక్కితే మా సర్వరుకు ఎక్కుతుంది. ఒకసారి ఎక్కిందంటే, ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో ఎప్పటికీ ఉంటుంది.

తెరవగానే ప్రోగ్రాములో మారిన గీతలు, అంటే లైన్లు, పచ్చరంగులో కనపడతాయి. కావలసినది ఎంచుకుని, కింద పెట్టెలో కారణం రాసి, కమిట్ నొక్కి, పుష్ నొక్కండి. అన్నీ ఒకే మూటగా కట్టకండి కాకా. చిన్న చిన్నగా చేయాలి, ప్రతిదానికీ కారణం రాయాలి. మాకు మొదటి రోజు నేర్పేది అదే. మాలో ఎవరూ పాటించరు, అది వేరే సంగతి.

దుఆలతో,
సుమైరా.

తా.క.: మీ రబ్బరు లేని ఆఫీసు సంగతి మా వాళ్ళకు చదివి వినిపించాను. మా సార్ తన బల్ల మీది రబ్బరు తీసి సొరుగులో పెట్టుకున్నారు.

---

గోదావరిఖని,
మార్చి 3, ఆదివారం సాయంత్రం.

సుమైరా గారికి, నమస్కారం.

నేను మీకు కాకను కాను. సర్వేయరును.

పని ముగిసింది. పచ్చ గీతలు నూట ఎనభై మూడు. ఉదయం ఎనిమిదిన్నరకు మొదలుపెట్టి సాయంత్రం ఐదింటికి పూర్తిచేశాను. గీతకు ఒక కమిట్, ఒక పుష్. మొత్తం నూట ఎనభై మూడు. మీరు చిన్న చిన్నగా అన్నారు. గీత కంటే చిన్నది నాకు కనపడలేదు.

నా చైన్‌మన్ సదయ్యను సాక్షిగా కూర్చోబెట్టుకున్నాను. బాయిలో గొలుసు రెండో కొస పట్టుకునేది అతనే. ఒక్కడు కొలిస్తే కొలత కాదు. ప్రతి కమిట్‌కూ కారణం రాశాను. మచ్చుకు:

"గీత 41. ఎడమవైపు నాలుగు ఖాళీలు చేర్చబడినవి. కారణం తెలియదు. సాక్షి: సదయ్య."

"గీత 42. మూసే బ్రాకెట్. 41కి సంబంధించినదని అనుమానం. సాక్షి: సదయ్య."

సదయ్య అడిగాడు, "సార్, ఖాళీ జాగలకు గూడ సాక్షం పెట్టాల్నా?"

పెట్టాలన్నాను.

"ఏమి లేని కాడ నేనేం సూసిన్నని రాస్తరు సార్?"

ఏమీ లేదని చూశావని రాస్తానన్నాను.

నడుమ నూరు గీతలకు పైగా అక్షరాలు కావు. అన్నీ అంకెలూ, ఇంగ్లీషు అక్షరాలూ, వాటి ముందు ఏటవాలు గీతలూ. తెలుగు మాటలను మీ వాళ్ళు అట్లా గుర్తుల్లో దాస్తారని అనసూర్య ఒకసారి చెప్పింది. నేను చదవలేను. చదవకుండానే ఇంకు చేశాను. నక్షా గీసేవాడికి బొగ్గు రుచి తెలియనవసరం లేదు.

ఇప్పుడు నా ఫిర్యాదు. నేను ఇంత క్రమంగా పని చేస్తుంటే, మీ కార్యాలయం ఇవాళ మా కాలనీ మీద పడింది. రోజంతా గోల. నీళ్ళు లేని వేళ నీళ్ళు వచ్చాయని కబురు. పైగా జనాన్ని ఏకవచనంతో తిట్టారట. నాకు మీ కబురు రాదు కనుక ఏమని తిట్టారో తెలియదు. లోపలి నుంచి వింటున్నాను. ఐలవ్వ వీధి మధ్యలో నిలబడి, "నా పేరు పెట్టి రాసినోడు ఎవడురా?" అంటోంది. ఆరేళ్ళలో అనసూర్య ఒక్క తప్పుడు కబురు పంపలేదు. ఆమె పోయిన మూడు నెలలకే ఆమె పనిని మీరు ఈ గతికి తెచ్చారు. వెంటనే సంజాయిషీ ఇవ్వండి.

మొగిలి, సర్వేయరు.

తా.క.: గీత 97లో ఒక కామా ఎక్కువ ఉందని సదయ్య అంటున్నాడు. తీయలేదు. ఆమె పెట్టింది.

---

హనుమకొండ,
మార్చి 4. స్పీడ్ పోస్టు.

సర్వేయరు గారికి,

నమస్కారం. నిన్నటి నుంచి మీకు ఇరవైసార్లు ఫోను చేశాం. నిన్న ఎత్తలేదు, ఇవాళ మోగడమే లేదు. ఉత్తరమే మీకు చేరే దారి కనుక మంటతోనే రాస్తున్నాను.

ఏం చేశారు సార్ మీరు?

మాది చిన్న ఆఫీసు. ఎవరు పుష్ నొక్కితే అది నేరుగా జనంలోకి పోతుంది. అది మా తప్పే, ఒప్పుకుంటున్నాను. కాని నొక్కేవాళ్ళు పూర్తయిన పనిని నొక్కుతారని మా నమ్మకం. మీరు సగం తలుపు బిగించి, గొళ్ళెం పెట్టకముందే ఎద్దులను తోలారు. ఆ నూట ఎనభై మూడు గీతల్లో ముందు వచ్చినవి మాటలు. ఆ మాటలు ఎవరికి, ఎప్పుడు పోవాలో, ఎప్పుడు ఆగాలో చెప్పే గీతలు చిట్టచివర ఉన్నాయి. అవి ఎక్కేలోపు నాలుగు మాటలు మూడు వందల పన్నెండు ఇళ్ళకూ పోయాయి.

ఏమని పోయాయో తెలుసా?

"నీళ్లచ్చినయ్. లెవ్వు. బిందె కింద బట్ట పెట్టు, నిన్న మర్చిపోయినవ్."

"నల్లా కాడ నిలబడి పేపరు చదవకు. నిండి పారుతది."

"బనీను తిరగేసి తొడుక్కున్నవ్. సూసుకో."

"ఐలవ్వ కూరిస్తే గిన్నె కడిగి ఇయ్యి. మొన్న అట్లనే ఇచ్చినవ్."

తొంభై నాలుగు ఫిర్యాదులు వచ్చాయి. ఒకాయన, నా భార్య చేత మీరే రాయించారా అని అడిగాడు. నాలుగో కబురు తరువాత ఐలవ్వ అనే ఆమె ఇంటికి ముగ్గురు గిన్నెలు కడుక్కొని కూర కోసం వెళ్ళారట. మీ ఆఖరి గీత ఎక్కాక అసలు కబురే ఆగిపోయింది. ఇవాళ కాలనీకి నల్లా వచ్చి పోయింది, ఎవరికీ తెలియదు.

ఇట్లాంటి మాటలు మా ప్రోగ్రాములో ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో మాకు తెలియదు. మొత్తం నవంబరు నాటి స్థితికి తిప్పేయమని మా సార్ చెప్పారు. ఇప్పటికి మీ నూట ఎనభై మూడింటినీ పక్కన పెట్టి రేపటి కబురు పాత పద్ధతిలో నడిపిస్తున్నాను. శనివారం లోపు సరైన కారణం రాకపోతే ఆ పని ఇక వాడుకలో ఉండదు.

సుమైరా.

తా.క.: కోపంలో ఉన్నాను కాని ఒకటి చెప్పాలి. మీ కాలనీ నుంచి ముత్యం అనే ఆయన ఫోను చేశారు. ఫిర్యాదు కాదు. ఆయన బనీను నిజంగానే తిరగేసి ఉందట. మీకెట్లా తెలిసిందని అడిగారు.

---

గోదావరిఖని,
మార్చి 7.

సుమైరాకు,

బాయిలోకి ఫోను తీసుకుపోనివ్వరు. ఇంట్లో ఉన్నప్పుడు దాన్ని మోగనివ్వను. మూడు నెలలుగా అందరూ ఒకే మాట అడుగుతున్నారు.

మీ ఉత్తరం నిలబడి చదివాను. ఆ నాలుగు మాటల దగ్గర కూర్చున్నాను. మీరు తప్పుగా దించుకున్నారేమో అని ఐలవ్వ ఇంటికి వెళ్ళాను. ఆమె ఫోను జాకెట్టులోంచి తీసి నా చేతిలో పెట్టింది.

"సూడు మొగిలీ, మూడొందల ఇండ్లకు కూర వండిపెట్టినట్టు నా పేరు రాసిండ్రు," అన్నది. "గిన్నె కడగక ఇచ్చింది ఎవలో నాకు తెల్వదా? ఈ లైనంతల గిన్నె కడగనోడివి నువ్వొక్కనివే."

ఫోను ఆమెకు తిరిగి ఇచ్చాను.

"గిది అనసూర్య మాటనే," అన్నది. "మొదటిదానికే అనుకున్న. రెండోదానికి నీ పేపరచ్చింది. ఇగ అడిగేదేముంది? లోపట కూసుండి నువ్వే పంపుతున్నవనుకున్న. పిచ్చి లేసిందేమో అని దండం పెట్టుకున్న."

మరి వీధిలో నిలబడి ఎవడురా అని ఎందుకు అరిచావన్నాను.

"నువ్వింటవనే అరిసిన. నువ్వు తలుపు తీస్తివా?"

మీరు కారణం అడిగారు. రాస్తున్నాను.

ఆ బిందె మాది. దాని అడుగు సొట్ట. కింద బట్ట పెట్టకపోతే ఒరుగుతుంది. ఆ పేపరు నాది. ఆ బనీను నాది. అవి తిట్లు కావు. పదిహేడేళ్ళుగా ఈ ఇంట్లో రోజూ ఉదయం జరిగే పని. దానికి మా కాలనీవాళ్ళు ఫిర్యాదు చేశారు. నేను ఎన్నడూ చేయలేదు. ఆమె ఉండగా అది ఫిర్యాదు చేయవలసిన సంగతని నాకు తోచలేదు.

ఆమె ఆ మాటలు అక్కడ ఎందుకు పెట్టిందో నాకూ తెలియదు. చివరి గీతలు మీరు చదవగలరు. చదవండి. చదివిన తరువాత తిప్పేయాలనిపిస్తే తిప్పేయండి. చదవకుండా చేస్తే మాత్రం మీ సార్ బల్ల ముందు వచ్చి కూర్చుంటాను. నాకు పదిహేడు రోజుల సెలవు మిగిలి ఉంది.

మొగిలి.

తా.క.: ఐలవ్వ కూర ఇచ్చింది. గిన్నె కడిగి ఇచ్చాను.

---

హనుమకొండ,
మార్చి 11.

మొగిలి సార్‌కు, సుమైరా నమస్కారాలు.

చదివాను. మా సార్ పక్కన నిలబడితే కూర్చోబెట్టి మరీ చదివించాను.

అనసూర్య మేడమ్ ఆ ఫైలును చివరిసారి దాచింది నవంబరు 29 మధ్యాహ్నం రెండూ పదికి. చివరి గీతల్లో ఉన్నది ఇది. ఈ మాటలు ఒకే ఒక్క నంబరుకు పోవాలి. ఆ నంబరు మీది. రోజుకొకటి చొప్పున, నల్లా వచ్చే పది నిముషాల ముందు. నవంబరు 30 నుంచి పది రోజులు. పదో రోజు దాటగానే ఆగిపోవాలి; ఆ గడువు ఎప్పుడో దాటింది కనుకే మొన్న కాలనీ కబుర్లన్నీ ఆగిపోయాయి. అంతే సార్. మేడమ్ దవాఖానలో ఉండే పది రోజులు మీకు నల్లా కబురు ఎవరు చెప్తారని చేసుకున్న ఏర్పాటు. ఆపరేషన్‌కు వెళ్ళేముందు ఇంటికి కావలసినవి సర్దుకున్నట్టు సర్దుకుంది. కమిట్ చేయలేదు కనుక ఒక్క కబురూ మీకు రాలేదు. ఎందుకు చేయకుండా వదిలిందో తెలియదు. అంత జాగ్రత్తగా పని చేసే మనిషి.

తిప్పేయమన్న మాట మా సార్ వెనక్కి తీసుకున్నారు. నేను రెండే మార్పులు చేశాను. మీ నంబరు చెప్పే గీతలు పైకి తెచ్చాను. ఆరంభం తేదీని మార్చి 15కు మార్చాను. పాత తేదీ చెరపలేదు. పక్కన గుర్తు పెట్టి వదిలాను. నాలుగు మాటలు మాకు తెలిసిపోయాయి. మిగతా ఆరింటిని నేను చదవలేదు. ఎవరినీ చదవనివ్వలేదు.

ఫోను దగ్గర ఉంచుకోండి. మోగనివ్వండి.

సుమైరా.

తా.క.: గీత 97లో కామా నిజంగానే ఎక్కువ సార్. దాని వల్ల ఏమీ చెడదు. అది అక్కడే ఉంది.

---

గోదావరిఖని,
మార్చి 26.

చిరంజీవి సుమైరాకు,

పది కబుర్లూ అందాయి. వేళకు అందాయి. పది రోజులు నీళ్ళు పట్టాను.

ఒక సంగతి సరిచేయాలి. అంత జాగ్రత్తగా పని చేసే మనిషి ఎందుకు వదిలిందో తెలియదని రాశారు. నాకు తెలుసు.

నవంబరు 29 మధ్యాహ్నం కారు గేటు ముందు ఉంది. ఆమె వంటగదిలో ఆ కంప్యూటరు ముందు కూర్చుని ఉంది. టైమవుతోందని రెండుసార్లు అరిచాను. "రెండు నిముషాలు ఆగు," అన్నది. నేను ఆగలేదు. లోపలికి వెళ్ళి మూత మూశాను. "ఆఫీసు పని ఎక్కడికీ పోదు, లే," అన్నాను. ఆమె నా వైపు చూసి నవ్వి లేచింది. ఆఫీసు పని కాదని చెప్పలేదు.

ఎక్కించకుండా వదిలింది ఆమె కాదు. మీ రికార్డులో కారణం రాసే చోటు ఉంటే ఇది రాయండి. సాక్షి ఎవరూ లేరు.

ఈ మూడు నెలలు మీ ఫోను మీద, మీ కార్యాలయం మీద, మీ మీద కోప్పడ్డాను. అందులో తొమ్మిది నొక్కే సంగతి ఒక్కటే న్యాయమైనది.

మిగతా ఆరు కబుర్లలో ఐదు నా దగ్గరే ఉంటాయి. పదోది రాస్తున్నాను, పనికి సంబంధించినది కనుక. "రేపు నేనస్తున్న. ఇల్లు ఊడ్చి పెట్టు. తడిబట్టతోటి తుడిచి ఊడ్చిన్నని చెప్పకు. చీపురుతోటి."

పదకొండో రోజు నిన్న. కాలనీలో అందరి ఫోన్లూ మోగాయి. నాది మోగలేదు. ఆమె ఆగమన్న చోట ఆగింది. మళ్ళీ మొదటి నుంచి తిప్పమని మిమ్మల్ని అడుగుదామని కాగితం తీశాను. రాయలేదు. కొలిచిన చోటనే మళ్ళీ కొలిస్తే నక్షా ముందుకు పోదు.

కంప్యూటరు తెరిచి జాబితాలో మా క్వార్టరు నంబరు దగ్గరికి వెళ్ళాను. "ఈ ఇంటికి అవసరం లేదు. నేను చెప్త" అన్నది అట్లాగే ఉంచాను. దాని కింద ఇంకో గీత చేర్చాను. "మార్చి 25 నుంచి అవసరం ఉంది." పక్కన నా ఫోను నంబరు. కమిట్ ఒకటే, పుష్ ఒకటే. కారణం: "ఇంట్లో చెప్పేవారు లేరు." సాక్షి సదయ్య. ఈసారి అతను ఏమీ అడగలేదు.

ఇవాళ పొద్దున ఆరూ పదికి అందరితో పాటు నాకూ వచ్చింది. "నల్లా పది నిముషాల్లో వచ్చును." అంతే ఉంది. మర్యాదగానే ఉంది.

కంప్యూటరు సదయ్య చేత పంపుతున్నాను. ఇంకు అయింది కనుక ఇక తుడుచుకోవచ్చు. మీ అబ్బాకు, అమ్మీకి నా సలాం చెప్పండి. నన్ను ఏమని పిలిచినా నాకు అభ్యంతరం లేదు.

మీ
మొగిలి కాక.

తా.క.: ఇల్లు ఊడ్చాను. చీపురుతోనే.